ఎల్.ఎస్.డి.: దేవుడి బిళ్ళ, దెయ్యపు బిళ్ళ, కాగితం తూకం

మా భేజ్జిలో ఎల్.ఎస్.డి.ని కళ్ళతో చూసినవాడు ఉంటాడని నేను అనుకోను. ఇక్కడ మత్తు అంటే ఇప్పసారా, తాటికల్లు, జీలుగు కల్లు. బస్తర్‌లో జీలుగు కల్లుని సల్ఫీ అంటారు. కోంటా దాటి ఆంధ్రలోకి దిగినా చింతూరు, భద్రాచలం వరకు మత్తు సంగతి దాదాపు ఇంతే. అలాంటి చోట కూర్చుని స్విట్జర్లాండ్ ప్రయోగశాలలో పుట్టిన మందు గురించి రాయడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బంధువుల అబ్బాయి ఒకడు ఈ మధ్య ఇక్కడికి వచ్చి ఒక ప్రశ్న వేశాడు. "బాబాయ్, మహిమలు లేవంటావు కదా! నీమ్ కరోలీ బాబా 900 మైక్రోగ్రాముల ఎల్.ఎస్.డి. మింగినా చలించలేదట. అమెరికా ప్రొఫెసరే స్వయంగా చూశాడట. దీనికేమంటావు?" అని.

కాసేపాగి ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. "ఇంతకీ దాన్ని దగ్గర పెట్టుకుంటే ఎన్నేళ్ళు లోపలేస్తారు?" అని. ఎందుకు అడిగాడో నేను అడగలేదు. రెండు ప్రశ్నలకీ జవాబు వెతికితే ఒకే చోట ఆగింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ మందు ఎక్కడ పుట్టిందో చూద్దాం. తెలంగాణ, రాయలసీమల్లో సజ్జ పండించే రైతులకి తేనెబంక తెగులు తెలుసు. పూత సమయంలో కంకి నుంచి తేనెలాంటి జిగురు కారుతుంది. తర్వాత గింజ ఉండాల్సిన చోట నల్లటి గట్టి ముద్ద తయారవుతుంది. అది ఎర్గాట్ అనే శిలీంధ్రం. విత్తనాన్ని ఉప్పు నీళ్ళలో పోస్తే ఆ ముద్దలు పైకి తేలుతాయి, వాటిని తీసేసి మంచినీళ్ళతో కడిగి విత్తుకోమని వ్యవసాయ శాఖవాళ్ళు చెబుతారు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఈ తెగులుని తట్టుకునే సజ్జ రకాల కోసం 1970లు, 80లలో చాలా పని జరిగింది. మన సజ్జ మీద వచ్చే ఎర్గాట్ కలిసిన పిండి తింటే వాంతులు, తలతిరుగుడు, మగత వస్తాయి. రాజస్థాన్, మహారాష్ట్రలలో ఇలాంటి సంఘటనలు నమోదయ్యాయి.

యూరప్‌లో రై అనే ధాన్యం మీద పెరిగే ఎర్గాట్ దీనికి దాయాది, కానీ దాని విషం వేరు. ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్ళకి మధ్యయుగాల్లో కాళ్ళూ చేతులూ మాడినట్టు నల్లబడి ఊడిపోయేవి. దాన్ని 'సెయింట్ ఆంటోనీ మంట' అని, ఆ సెయింట్‌కి మొక్కుకుంటే తగ్గుతుందని నమ్మేవాళ్ళు. పిండిలో ఉన్న జబ్బుకి గుడిలో మందు వెతకడం మన దగ్గర మాత్రమే ఉందనుకోకండి. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెల పేరుతో జరిగిన హత్యాకాండకి కారణం ఎర్గాట్ రొట్టెలేనని 1976లో ఒక సిద్ధాంతం వచ్చింది. మన హేతువాదులు కూడా దాన్ని ఇష్టంగా చెప్పుకుంటారు. అదే ఏడాది దాన్ని ఖండిస్తూ ఇంకో వ్యాసం వచ్చింది. బాధితుల లక్షణాలు ఎర్గాట్ విషానికి సరిగ్గా సరిపోలేదు. మనకి నచ్చిన కథ కాబట్టి సాక్ష్యం అడగకుండా వదిలెయ్యడం కుదరదు.

బాసెల్ నగరంలోని సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఎర్గాట్ నుంచి పనికొచ్చే మందులు తియ్యాలని చూశాడు. లైసర్జిక్ ఆమ్లానికి రకరకాల గుంపులు తగిలిస్తూ పోయాడు. ఆ వరసలో 25వది 1938 నవంబర్ 16న తయారైంది. జంతువుల మీద పెద్దగా ఏమీ కనిపించకపోవడంతో పక్కన పెట్టారు. ఐదేళ్ళ తర్వాత, 1943 ఏప్రిల్ 16న, హాఫ్‌మన్ దాన్ని మళ్ళీ తయారు చేస్తుంటే తల తిరిగింది. ఇంటికి వెళ్ళి పడుకుంటే కళ్ళు మూసుకున్నా రంగులు కనబడ్డాయి. ఎక్కడో ఒక పిసరు ఒంట్లోకి వెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఏప్రిల్ 19న కావాలనే 0.25 మిల్లీగ్రాములు తీసుకున్నాడు. అది చాలా తక్కువ మోతాదని ఆయన ఉద్దేశం. యుద్ధకాలం కాబట్టి కార్లు లేవు, సహాయకురాలితో కలిసి సైకిల్ మీద ఇంటికి బయలుదేరాడు. పాలు తెచ్చిచ్చిన పొరుగింటావిడ ఆయనకి మంత్రగత్తెలా కనబడింది. తనని ఏదో దెయ్యం పట్టిందనుకున్నాడు. డాక్టర్ వచ్చి చూస్తే కంటిపాపలు పెద్దవవడం తప్ప శరీరంలో తేడా ఏమీ లేదు.

ఆ డాక్టర్ బదులు మన వైపు భూతవైద్యుడు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వేపమండలతో కొట్టేవాడు, కళ్ళలో కారం పెట్టేవాడు. కొన్ని గంటల తర్వాత మందు దిగిపోయి హాఫ్‌మన్ మామూలు మనిషయ్యేవాడు. దెయ్యం వదిలిందని భూతవైద్యుడికి కోడి దక్కేది.

అదే హాఫ్‌మన్ చేతి మీదుగా అదే ఎర్గాట్ నుంచి వచ్చిన ఇంకో మందు మెథర్జిన్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి మన దేశంలో నర్సులకి, డాక్టర్లకి బాగా తెలిసిన సూది ఇది. భారతదేశపు అత్యవసర మందుల జాబితాలో దాని అసలు పేరు మిథైల్ ఎర్గోమెట్రిన్ అని ఉంటుంది. అణువు బొమ్మ గీస్తే ఎల్.ఎస్.డి.కి దగ్గర చుట్టం. ఒకటి తల్లిని బతికిస్తుంది, ఇంకోటి పదేళ్ళు జైల్లో పెట్టిస్తుంది. రసాయనానికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు.

ఇప్పుడు మోతాదు సంగతి. ఎల్.ఎస్.డి. మామూలు మోతాదు సుమారు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక గ్రాములో పదివేలో వంతు. ఒక గ్రాముతో పదివేల మందికి సరిపోతుంది. కంటికి కనబడనంత తక్కువ కాబట్టే దాన్ని పీల్చుడు కాగితం మీద చుక్కలుగా వేసి, చిన్న చిన్న గళ్ళుగా కత్తిరించి అమ్ముతారు. నాలుక మీద పెట్టుకున్న అరగంట, గంటలో మొదలై ఎనిమిది నుంచి పన్నెండు గంటల వరకు ఉంటుంది. మెదడులో సెరొటోనిన్ పనిచేసే ఒక రకం గ్రాహకాలకి అతుక్కుని చూపుని, కాలస్పృహని, 'నేను' అనే భావాన్ని తారుమారు చేస్తుంది. గోడలు ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటాయి. కొందరికి విశ్వంతో ఒకటైపోయినట్టు ఉంటుంది. కొందరికి నరకం.

విశ్వంతో ఒకటైపోవడం! మన యోగులూ, సూఫీలూ, క్రైస్తవ సన్యాసులూ చెప్పిన అనుభవమే 100 మైక్రోగ్రాముల పొడితో వస్తుంటే ఆ అనుభవానికి ఆధారం మెదడే అని ఒప్పుకోవాలి కదా. కానీ జరిగింది అది కాదు. బిళ్ళ మింగినవాళ్ళు బిళ్ళలో దేవుణ్ణి వెతికారు.

దీనికి మందు కూడా అక్కర్లేదని మా ఊళ్ళ జాతరలు చూసిన నాకు తెలుసు. పండుం రోజున ఉపవాసం, నిద్రలేమి, గంటల తరబడి డోలు, చుట్టూ ఎదురు చూస్తున్న జనం. సిర్హా ఊగడం మొదలుపెడతాడు, దేవుడు పూనాడంటారు. దొర్ల, కోయ గూడేల్లో వడ్డె కూడా అంతే. వాళ్ళందర్నీ మోసగాళ్ళనడం నాకు ఇష్టం లేదు, అందులో చాలామందికి నిజంగానే ఏదో జరుగుతుంది. అనుభవం నిజం. "ఫలానా అమ్మవారు వచ్చింది, కోడిని కోస్తే జ్వరం తగ్గుతుంది" అనేది మాత్రం అనుభవంలో లేదు, అది ఊరు ముందే నేర్పిన పాఠం. ఎల్.ఎస్.డి. తీసుకున్న అమెరికావాడికి శివుడు కనబడ్డాడంటే ముందు రోజు రాత్రి ఏ పుస్తకం చదివాడో అడగండి.

పుస్తకాల ప్రస్తావన వచ్చింది కాబట్టి మన మదనపల్లె మనిషి గురించి ఒక మాట. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి కాలిఫోర్నియాలో ఆల్డస్ హక్స్‌లీ స్నేహితుడు. కృష్ణమూర్తి పుస్తకం 'ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడమ్'కి ముందుమాట హక్స్‌లీదే. ఆ హక్స్‌లీయే 1953 మే నెలలో మెస్కలిన్ అనే మందు తీసుకుని, 1954లో 'ది డోర్స్ ఆఫ్ పర్సెప్షన్' రాసి, పాశ్చాత్య యువతకి మందులో మోక్షం ఉందన్న ఆశ పుట్టించాడు. 1963 నవంబర్ 22న చనిపోతూ భార్య చేత ఎల్.ఎస్.డి. ఇంజెక్షన్ చేయించుకున్నాడు. కృష్ణమూర్తి మాత్రం మందులతో సత్యం దొరకదనే వాదించాడు. ఆయన ఇతర మాటలతో నాకు పేచీ ఉంది గానీ ఈ విషయంలో స్నేహితుడి మొహమాటానికి లొంగలేదు.

ఆంధ్రలో ఎంతోమంది భక్తులున్న మెహెర్ బాబా కూడా ఎల్.ఎస్.డి.ని వ్యతిరేకించాడు. 1966లో 'గాడ్ ఇన్ ఎ పిల్?' అనే చిన్న పుస్తకం ఆయన పేరు మీద వచ్చింది. మందుతో వచ్చే అనుభవాలు అబద్ధమనీ, అసలైనది గురువు ద్వారానే వస్తుందనీ అందులో సారాంశం. మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం చదివితే పక్క కొట్టువాడి సరుకు నకిలీ అని చెప్పే కోమటి కొట్టు గుర్తొచ్చింది. తానే అవతారమని చెప్పుకున్న మనిషి, బిళ్ళ చూపించే దేవుడు నకిలీ అంటే ఏ కొలబద్దతో చెబుతున్నాడని అడగాలి కదా.

ఇక మా అబ్బాయి చెప్పిన కథ. రిచర్డ్ ఆల్పర్ట్ అనే ఆయన హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పేవాడు. టిమోతీ లియరీతో కలిసి ఈ మందులతో ప్రయోగాలు చేసి, 1963లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1967లో ఇండియాకి వచ్చి నైనిటాల్ దగ్గర కైంచీలో నీమ్ కరోలీ బాబాకి శిష్యుడై రామ్ దాస్ అయ్యాడు. బాబా తన దగ్గరున్న మూడు బిళ్ళలు, ఒక్కోటి సుమారు 300 మైక్రోగ్రాములు, అడిగి తీసుకుని మింగాడనీ, ఏమీ కాలేదనీ 1971లో వచ్చిన 'బీ హియర్ నౌ' పుస్తకంలో రాశాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది.

ఈ కథలో అందరూ వదిలేసే భాగం ఒకటుంది. బాబా నిజంగా మింగాడా, భుజం మీదుగా వెనక్కి విసిరేశాడా అని రామ్ దాస్‌కే అనుమానం వచ్చింది. అనుమానం ఆయనే ఒప్పుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకి మళ్ళీ వెళితే, బాబా ఈసారి ఒక్కో బిళ్ళా నాలుక మీద పెట్టి కనబడేలా మింగాడట. దుప్పటి కప్పుకుని పిచ్చివాడిలా మొహం పెట్టి శిష్యుణ్ణి భయపెట్టి నవ్వాడట కూడా. మహిమ చూడండి ఎంత బాగుందో! మొదటిసారి శిష్యుడి మనసులో అనుమానం రావడం కూడా మహిమలో భాగమైపోయింది.

దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. ఆ బిళ్ళల్లో నిజంగా ఎంత మందు ఉందో కొలిచినవాళ్ళు లేరు. ఎల్.ఎస్.డి. వెలుతురుకీ వేడికీ పాడైపోయే పదార్థం. అమెరికా నుంచి సంచిలో దేశాలు తిరిగొచ్చిన బిళ్ళలవి. అదే సంచిలోని బిళ్ళ ఇంకొకరికి ఇచ్చి, అదే రోజు పోల్చి చూడలేదు. చూసిన సాక్షి శిష్యుడు, అప్పటికే గురువు తన మనసు చదివేస్తాడని నమ్మినవాడు. కంటిపాపలు చూశారా? నాడి చూశారా? హాఫ్‌మన్ విషయంలో ఆ పల్లెటూరి డాక్టర్ చేసిన పాటి పరీక్ష కూడా ఇక్కడ జరగలేదు. నోట్లో పెట్టుకున్నట్టు చూపించి వస్తువుని మాయం చెయ్యడం బి. ప్రేమానంద్ గారి మహిమల ప్రదర్శన ఏదైనా చూసినవాళ్ళకి పెద్ద విషయం కాదు. బాబా అలా చేశాడని నేను అనడం లేదు. చెయ్యలేదని నిరూపించే బాధ్యత మహిమ అన్నవాడిది. కోవూర్ గారు బాబాల మీద సవాళ్ళు విసిరింది ఇలాంటి షరతులతోనే. మోసం జరగని పరిస్థితుల్లో చేసి చూపించమన్నారు. డబ్బు తీసుకెళ్ళినవాడు లేడు.

కాబట్టి బిళ్ళ దేవుడన్న కథలో తూకం లేదు. బిళ్ళ దెయ్యమన్న కథలో ఉందా? అక్కడా లేదు.

సాండోజ్ 1947లో దీన్ని డెలిసిడ్ పేరుతో మానసిక వైద్యులకి ఇవ్వడం మొదలుపెట్టింది. 1950లలో వేలమంది రోగుల మీద వాడారు. అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. ఎం.కె.అల్ట్రా పేరుతో 1953 నుంచి, మనుషులకి తెలియకుండా వాళ్ళకి ఎల్.ఎస్.డి. ఇచ్చి చూసింది. ఆ ఏడాది నవంబర్‌లో ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రవేత్తకి తాగే దాంట్లో కలిపారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. ప్రభుత్వం ఈ సంగతి బయటపెట్టింది 1975లో. అంటే ప్రజల్ని ఈ మందు నుంచి కాపాడాలని చట్టాలు చేస్తున్న రోజుల్లోనే ఆ ప్రభుత్వం దగ్గర ఈ ఫైలు మూసి ఉంది.

1967 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. పరీక్షనాళికలో తెల్ల రక్తకణాల మీద ఎల్.ఎస్.డి. వేస్తే క్రోమోజోములు విరిగాయని. వెంటనే పత్రికలన్నీ అంగవైకల్యంతో పిల్లలు పుడతారని రాశాయి. నాలుగేళ్ళ తర్వాత, 1971లో, అదే పత్రికలో అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి, మామూలు మోతాదులో శుద్ధమైన ఎల్.ఎస్.డి. మనుషుల క్రోమోజోముల్ని దెబ్బ తీస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు. మొదటి వార్త మొదటి పేజీలో వచ్చింది. రెండోది ఎవరికీ గుర్తు లేదు.

ఇంకో కథ ఇంకా ఘోరం. 1968 జనవరిలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో అంధుల సంక్షేమం చూసే అధికారి నార్మన్ యోడర్, ఆరుగురు కాలేజీ కుర్రాళ్ళు ఎల్.ఎస్.డి. మత్తులో సూర్యుణ్ణి చూస్తూ ఉండిపోయి గుడ్డివాళ్ళైపోయారని చెప్పాడు. దేశమంతా పాకింది. కొద్ది రోజుల్లో ఆ రాష్ట్ర గవర్నరే అది కట్టుకథని ప్రకటించాల్సి వచ్చింది. కుర్రాళ్ళు భయపడి మానేస్తారని ఆయన కల్పించాడు. ఉద్దేశం మంచిదే కావచ్చు. పిల్లలు అన్నం తినడానికి బూచాడొస్తాడని చెప్పే తల్లి ఉద్దేశం కూడా మంచిదే. ఒక అబద్ధం బయటపడ్డాక ఆ కుర్రాళ్ళు నిజమైన హెచ్చరికల్ని కూడా నమ్మడం మానేశారు.

ఈ వాతావరణంలో 1966 అక్టోబర్ 6న కాలిఫోర్నియా దీన్ని నిషేధించింది, 1968లో అమెరికా మొత్తం దగ్గర పెట్టుకోవడం నేరమైంది. 1971 ఫిబ్రవరి 21న వియన్నాలో ఐక్యరాజ్య సమితి సైకోట్రోపిక్ పదార్థాల ఒప్పందం తయారైంది. అందులో ఎల్.ఎస్.డి.ని అత్యంత కఠినమైన మొదటి షెడ్యూల్లో పెట్టారు. భారతదేశం 1975లో ఆ ఒప్పందంలో చేరింది. 1985లో ఎన్.డి.పి.ఎస్. చట్టం చేసి నవంబర్ 14 నుంచి అమలు చేసింది.

ఆ వియన్నా ఒప్పందంలో 32వ అధికరణం నాలుగో పేరా నాకు ఆసక్తిగా అనిపించింది. అడవిలో సహజంగా పెరిగే మొక్కల్లో ఈ పదార్థాలుంటే, చిన్న సమూహాలు వాటిని సంప్రదాయంగా మాంత్రిక, మత క్రతువుల్లో వాడుతుంటే, ఆ దేశం మినహాయింపు కోరవచ్చు. అంటే దేవుడి పేరు చెబితే సడలింపు. ప్రయోగశాలలో పుట్టినదానికి దేవుడు లేడు కాబట్టి సడలింపూ లేదు. మన చట్టంలోనూ అలాంటి దారి ఉంది. గంజాయి పూత నేరం, ఆకు చట్టపు నిర్వచనంలో లేదు. అందుకే శివరాత్రికి ఉత్తరాదిలో భంగు దొరుకుతుంది.

ఎక్కడో కూర్చుని మత్తు మీద చట్టం చేస్తే అది కొండల్లో ఎలా దిగుతుందో మన వైపు వాళ్ళకి కొత్త కాదు. 1879 రంప పితూరీకి ముఖ్య కారణాల్లో ఒకటి చిగురుపన్ను, ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద వేసిన పన్ను. 1910 బస్తర్ భూమ్‌కాల్ తిరుగుబాటుకి చెప్పే కారణాల్లో ఇంటి సారా మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. సరే, మళ్ళీ విషయానికి వస్తాను.

మా అబ్బాయి రెండో ప్రశ్నకి జవాబు ఇది. 1985 చట్టంలో శిక్షలకి పరిమాణంతో పెద్దగా పని ఉండేది కాదు, సొంత వాడకానికి చిన్న మొత్తమని తేలితే తప్ప కనీసం పదేళ్ళే. 2001లో సవరించి ప్రతి పదార్థానికీ రెండు గీతలు గీశారు. చిన్న పరిమాణం, వ్యాపార పరిమాణం. గంజాయికి కిలో, 20 కిలోలు. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. ఎల్.ఎస్.డి.కి 0.002 గ్రాము, 0.1 గ్రాము. చిన్న పరిమాణమైతే ఏడాది వరకు శిక్ష, మధ్యలో అయితే పదేళ్ళ వరకు. వ్యాపార పరిమాణమైతే తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, పైగా లక్షకి తగ్గని జరిమానా. బెయిలు కూడా గగనం.

ఇప్పుడు లెక్క వెయ్యండి. 100 మైక్రోగ్రాముల లెక్కన 0.002 గ్రాము అంటే 20 మోతాదులు. 0.1 గ్రాము అంటే 1000 మోతాదులు. చూడ్డానికి సబబుగానే ఉంది. అయితే తక్కెట్లో పెట్టేది ఏమిటి? మందా, మందు పూసిన కాగితమా?

2008లో సుప్రీం కోర్టు కలిపిన సరుకు పక్కన పెట్టి అసలు మందు బరువే చూడాలంది. 2020 ఏప్రిల్లో హీరా సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసి, మిశ్రమం మొత్తం బరువు చూడాలంది. హెరాయిన్‌లో పిండి కలిపి అమ్మేవాణ్ణి దృష్టిలో పెట్టుకుంటే ఆ వాదంలో అర్థముంది. మరి కాగితం? 2023లో బొంబాయి హైకోర్టు, కాగితం కూడా మందులో విడదీయలేని భాగమేననీ దాని బరువు కలపాలనీ తీర్పు చెప్పింది.

అదే 2023 జూన్‌లో ఎన్.సి.బి. ఒకే కేసులో దాదాపు 15,000 ఎల్.ఎస్.డి. కాగితాలు పట్టుకుంది. సరిగ్గా చెప్పాలంటే 14,961. డార్క్‌నెట్ ద్వారా, క్రిప్టో డబ్బుతో, పోస్టులో నడిచిన వ్యాపారం. ఇది వ్యాపార పరిమాణానికి 2,500 రెట్లని అధికారులు ప్రకటించారు. పత్రికలన్నీ వేశాయి. పెన్సిల్ తీసుకుని లెక్క వేశాను. 100 మైక్రోగ్రాముల చొప్పున 14,961 కాగితాల్లో ఉండే మందు సుమారు ఒకటిన్నర గ్రాము. వ్యాపార పరిమాణానికి 15 రెట్లు. 2,500 రెట్లు కావాలంటే 250 గ్రాములు ఉండాలి. అంటే ఒక్కో కాగితం దాదాపు 16.7 మిల్లీగ్రాములు. అంత మందు ఒక గడిలో ఉంటే అది 160 మందికి పైగా సరిపోతుంది. కాబట్టి ప్రకటించిన తూకంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కాగితమే.

15 రెట్లు కూడా పెద్ద నేరమే, వాళ్ళ మీద నాకు జాలి లేదు. కానీ అదే లెక్క ఏడు గళ్ళు దగ్గర పెట్టుకున్న పిల్లవాడి మీద వెయ్యండి. మందు 0.7 మిల్లీగ్రాము, చిన్న పరిమాణంలో మూడో వంతు పైచిలుకు. ఏడాది లోపు శిక్ష. కాగితంతో కలిపి 117 మిల్లీగ్రాములు. పదేళ్ళు. అదే ఏడు మోతాదులు పల్చటి కాగితం మీద ఉంటే ఒక శిక్ష, మందపాటి అట్ట మీద ఉంటే ఇంకో శిక్ష. వెయ్యి మోతాదులు శుద్ధమైన పొడిగా సీసాలో పెట్టుకున్నవాడూ ఇతనూ ఒకే మెట్టు మీద ఉంటారు.

అమెరికా ఈ గుంటలో మనకంటే ముందే పడింది. 1991లో చాప్‌మన్ కేసులో వెయ్యి మోతాదుల్లో ఉన్న శుద్ధమైన మందు 50 మిల్లీగ్రాములు, కాగితంతో కలిపితే 5.7 గ్రాములు. కాగితాన్ని కలపాలనే సుప్రీం కోర్టు చెప్పింది. రెండేళ్ళకే, 1993లో, అక్కడి శిక్షల కమిషన్ తన మార్గదర్శకాల్లో కాగితం బరువు వదిలేసి మోతాదుకి 0.4 మిల్లీగ్రాము చొప్పున లెక్క కట్టమంది. మనం మాత్రం 2023లో వాళ్ళు 1991లో ఉన్న చోటికి చేరాం.

తెలుగువాళ్ళకి ఎల్.ఎస్.డి. పేరు ఇంటింటా తెలిసింది 2017 జులైలో. హైదరాబాద్‌లో ఎక్సైజ్ శాఖ ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఎ. అమ్ముతున్నవాళ్ళని పట్టుకుంది, కొనేవాళ్ళలో బడి పిల్లలు కూడా ఉన్నారంది. ఆ బడి పిల్లల సంగతి రెండు రోజుల్లో మరుగున పడింది. సినిమావాళ్ళు పన్నెండు మందిని పిలిచి విచారించడంతో టీవీలు ఆఫీసు గేటు ముందు కాపురం పెట్టాయి. ఎవరు ఏ కారులో వచ్చారు, ఎన్ని గంటలు లోపలున్నారు, మధ్యాహ్నం ఏం తిన్నారు. ఏళ్ళు గడిచాక వాటిలో చాలా కేసులు కోర్టులో నిలబడలేదు. అది ఏమి చేస్తుంది, ఎంత మోతాదు, పిల్లవాడు తీసుకుంటే ఏం చెయ్యాలి అని ఆ నెల రోజుల్లో నేను చూసిన ఏ చానెలూ చెప్పలేదు.

అదే తెలంగాణలో దశాబ్దాలుగా కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. అవీ ప్రయోగశాలలో పుట్టినవే. 2015లో దాడులతో కల్తీ కల్లు ఆగితే అలవాటు పడ్డ కూలీలు మతి తప్పి ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చచ్చిపోయారు. వాళ్ళ గేటు ముందు ఏ చానెల్ కాపురం పెట్టలేదు.

ఇంత చెప్పానని ఎల్.ఎస్.డి. మంచిదని వాదిస్తున్నానని అనుకోవద్దు. దానికి హెరాయిన్ లాంటి వ్యసనం లేదు, మామూలు మోతాదులో విషంగా పనిచేసి చంపినట్టు ఆధారాలు దాదాపు లేవు. అయితే మత్తులో భయపడి పరిగెత్తి, మేడ మీద నుంచి పడి పోయినవాళ్ళున్నారు. కుటుంబంలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకి అది పిచ్చికి తలుపు తెరవచ్చు. కొందరికి నెలల తరబడి కళ్ళ ముందు రంగులు, గీతలు పోవు. అన్నింటికంటే పెద్ద ప్రమాదం, కాగితం మీద ఉన్నది ఎల్.ఎస్.డి. అన్న గ్యారంటీ లేకపోవడం. ఎన్‌బోమ్ అనే వేరే రసాయనాల్ని అదే పేరుతో అమ్ముతున్నారు. అవి ప్రాణాలు తీశాయి. నాలుక మీద చేదుగా ఉండడం దానికి ఒక గుర్తంటారు, కానీ నాలుక ప్రయోగశాల కాదు. 2015లో ఐక్యరాజ్య సమితి వాటిలో మూడింటిని నిషేధ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు మళ్ళీ వైద్య పరిశోధనలు మొదలయ్యాయి. 2014లో స్విట్జర్లాండ్‌లో, ప్రాణాంతక జబ్బుల వల్ల ఆందోళనతో ఉన్న 12 మంది మీద ఎల్.ఎస్.డి. వాడి చూశారు. తర్వాత ఇంకా పెద్ద పరీక్షలు జరిగాయి, ఫలితాలు ఆశగా ఉన్నాయి. మన ప్రశ్న ఇక్కడా అడగాలి. తాను మింగింది మందో, ఉత్త బిళ్ళో రోగికి గంటలో తెలిసిపోయే పరీక్షని గుడ్డి పరీక్ష అని ఎలా అంటారు? 2024లో అమెరికా మందుల సంస్థ ఎం.డి.ఎం.ఎ. చికిత్సకి అనుమతి నిరాకరించినప్పుడు ఈ చిక్కు కూడా చర్చకి వచ్చింది.

మా అబ్బాయికి నీమ్ కరోలీ బాబా గురించి నేను ఒకటే అడిగాను, ఆ బిళ్ళల్ని ఎవరు తూచారని. వాడు ఆలోచించి, "ఎవరూ తూచలేదేమో బాబాయ్" అన్నాడు. జైలు లెక్క చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. వాడికి మూడు విషయాలు చెప్పి పంపాను. స్నేహితుడెవడైనా అది తీసుకుని బెదిరిపోతే మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళొద్దు, కట్టెయ్యొద్దు. వెలుతురు తక్కువున్న గదిలో, మేడ మీద కాకుండా కింద, ఒకరు పక్కన కూర్చుని ఇది మందు వల్లనేనని, దిగిపోతుందని చెబుతూ ఉండాలి. మూర్ఛలు వస్తే, ఒళ్ళు కాలిపోతుంటే, స్పృహ తప్పితే అది ఎల్.ఎస్.డి. కాకపోవచ్చు, వెంటనే 108కి ఫోన్ చేసి డాక్టరుకి ఏమి మింగాడో దాచకుండా చెప్పాలి. వ్యసనంలో పడినవాడు తనంతట తాను చికిత్సకి వస్తే, వాడకానికీ చిన్న పరిమాణానికీ కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ అనే సెక్షన్ కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ సెక్షన్ నంబరు వాడు ఫోన్లో రాసుకున్నాడు.